జాలి మీను

నా చిన్నప్పుడు మా ఇంట్లో పట్టపగలు ఎవరైనా నేలమీద పడుకున్నారంటే, వాళ్ళకు నిద్ర వచ్చిందని కాదు, కోపం వచ్చిందని అర్థం. కొత్తగా వచ్చిన చుట్టాలు బెంబేలెత్తిపోయేవాళ్ళు. అప్పటిదాకా గొంతు పెంచి మాట్లాడుతున్న మనిషి ఉన్నట్టుండి చతికిలబడి, ఆ తర్వాత నడుం వాల్చి కళ్ళు మూసుకుంటే ఎవరికైనా భయమే కదా. మా నానమ్మ మాత్రం పొయ్యి ముందు నుంచి కదలకుండానే, "ఏం కాలే. చేప కడుపుల పడ్డడు. జర సేపైతే అదే బయటికి ఉమ్ముతది" అనేది. చుట్టాలకు భయం ఇంకాస్త పెరిగేది.

ఈ వింత అలవాటును మా ఇంటికి తెచ్చింది మా తాతయ్య. తెప్పించింది నేను.

మాది ఏన్కూరుకూ చండ్రుగొండకూ నడుమ, అడవి మొదలయ్యే చోట ఉన్న ఊరు. దూదేకులవాళ్ళం. నమాజులో అరబ్బీ, మిగతా బతుకంతా తెలుగు. తాతయ్య దూదేకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవాడు. రైతుల ఇళ్ళల్లో పరుపులు విప్పి, గడ్డకట్టిన దూదిని విల్లు తీగతో ఏకి, మళ్ళీ మేఘంలా చేసి కుట్టి ఇచ్చేవాడు. కొయ్యతో తీగను కొడితే టంగుమనే ఆ మోత మూడు వీధుల అవతలికి వినిపించేది. పొద్దున నల్లగడ్డంతో వెళ్ళిన మనిషి సాయంత్రానికి కనుబొమ్మలతో సహా తెల్లబడి వచ్చేవాడు. బావి దగ్గర స్నానం చేశాక మళ్ళీ పడుచువాడైపోయేవాడు. రోజూ ముసలివాడై రోజూ వయసులోకి వచ్చే మనిషి మా ఊళ్ళో ఆయనొక్కడే అని నేను గొప్పలు చెప్పుకునేవాణ్ణి.

ఆయనెంత నెమ్మదో నేనంత నిప్పు. కోపం వస్తే చేతికి ఏది అందితే అది గాల్లోకి లేచేది. ఒక రంజాను పండుగనాడు మా అక్కకు నాకంటే పెద్ద గిన్నెలో సేమియా పోశారని గుండెలు మండి, పొయ్యి పక్కన ఉన్న గిన్నెనే కాలితో తన్నాను. పాలు, ఖర్జూరాలు, జీడిపప్పు అన్నీ వాకిట్లోకి పారాయి. ఊళ్ళో ముస్లిములందరూ పండుగ చేసుకుంటే మా ఇంట్లో కోళ్ళు చేసుకున్నాయి.

అమ్మ చీపురు తీసింది. తాతయ్య ఆమెకు అడ్డం వచ్చి, నన్ను రెక్క పట్టుకుని దూది గదిలోకి తీసుకుపోయాడు. కొడతాడేమో అనుకున్నాను. ముందు కూర్చోమన్నాడు. కూర్చున్నా బుసలు ఆగలేదు. పడుకోమన్నాడు. నిలబడి ఉన్నప్పుడు కోపమొస్తే కూర్చోవాలని, అప్పటికీ తగ్గకపోతే పడుకోవాలని మన ప్రవక్త చెప్పారట. పండుగ కోసం ఏకి పెట్టిన దూది కుప్పలో నన్ను పడుకోబెట్టి, పైన ఇంకో రెండు దోసిళ్ళు దూది కప్పాడు. తుమ్ములు, ఏడుపు, కోపం మూడూ కలిసి వస్తుంటే నాకు ఊపిరాడలేదు.

"ఇగ చేప కడుపుల ఉన్నవ్. కండ్లు మూస్కో" అన్నాడు.

అట్లా మొదలుపెట్టాడు యూనుస్ ప్రవక్త కథ. ఆయన తన జనానికి మంచి చెబితే వాళ్ళు వినలేదట. విసిగి, కోపగించి, దేవుడు వెళ్ళమనక ముందే ఊరు విడిచి పోయాడట. పడవ ఎక్కితే గాలివాన. బరువు తగ్గించాలని చీట్లు వేస్తే ఆయన పేరే వచ్చిందట. నీళ్ళలో పడగానే ఒక పెద్ద చేప మింగేసింది. బయట రాత్రి చీకటి, దాని లోపల సముద్రపు చీకటి, దాని లోపల చేప కడుపు చీకటి. అంత చీకట్లో ఆయనకు ఒకటి మాత్రం బాగా కనిపించిందట, తన కోపం. అప్పుడు ఆయన దేవుణ్ణి పిలిచాడు. నువ్వు తప్ప దిక్కు లేదని, తప్పు తనదేనని. ఆ పిలుపు విని దేవుడు ఆ చేపతో ఆయన్ని ఒడ్డున పడేయించాడు.

ఆ పిలుపే ఒక దువా. తాతయ్య దాన్ని అరబ్బీలో మెల్లగా చెప్పి నా చేత అనిపించాడు. దాని చివరి మాట "జాలిమీన్". నేను బడిలో నేర్చుకున్న నాలుగు ముక్కల్లో మీనం అంటే చేప అన్నది ఒకటి. అందుకని దూదిలోంచి తల బయటపెట్టి, "తాతా, గది జాలి మీనా? జాలి గల్ల చేపనా?" అని అడిగాను.

తాతయ్యకు అరబ్బీ అర్థాలు ఎంతవరకు తెలుసో నాకు తెలియదు. నవ్వు మాత్రం ఆపుకోలేకపోయాడు. "అవ్ రా. జాలి మీనే. మింగింది గాని నమల్లేదు సూడు" అన్నాడు.

ఆ రోజు నుంచి అది మా ఇంట్లో జాలి మీను దువా అయిపోయింది. నాకు కోపం వస్తే దూది గదికి పరుగు. పడుకుని, కళ్ళు మూసుకుని, ఆ నాలుగు ముక్కలూ అనుకుంటుంటే ఎప్పుడో ఒకప్పుడు తుమ్ము వచ్చేది. తుమ్ముతూ కోపంగా ఉండటం ఎవరి వల్లా కాదు. కావాలంటే ప్రయత్నించి చూడండి.

నన్ను చూసి అక్క కూడా మొదలుపెట్టింది. తాతయ్య సరేసరి, తనకు కోపం వచ్చినా సరిగ్గా అదే వరసలో నిలబడ్డవాడు కూర్చునేవాడు, కూర్చున్నవాడు పడుకునేవాడు. పెదవులు కదిలేవి. కాసేపటికి లేచి ఏమీ జరగనట్టు బీడీ వెలిగించేవాడు. ఇంట్లో ఆ చేప కడుపులోకి ఎన్నడూ పోనిది నానమ్మ ఒక్కతే. ఎందుకు పోవని అడిగితే, "నేను పండుకుంటే వంట ఎవలు జేస్తర్రా? గీ చేప పనిలేనోళ్ళనే మింగుతది" అనేది.

దీనికి తాతయ్య పెట్టిన నియమం ఒకటుంది. చేప కడుపులో ఉన్నవాణ్ణి బయటివాళ్ళు పిలవకూడదు, ముట్టుకోకూడదు. "ఆనంతట ఆనే రావాలె. మనం కెలికితే చల్లారే నిప్పుల మీద ఊదినట్టే" అనేవాడు. మంచి నియమమే. ఇప్పటికీ దాన్ని తప్పని అనలేను. దాన్ని మేమంతా ఎంత బుద్ధిగా పాటించామో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

చలికాలం మొదలయ్యే రోజుల్లో ఏన్కూరు పక్కన ఒక రైతుగారింట్లో పరుపుల పని వచ్చింది. వాళ్ళు ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి మా వైపు భూములు కొనుక్కున్నవాళ్ళు. ఆ ఇంటి పెద్దావిడను మేమంతా పెద్దమ్మ అనేవాళ్ళం. నోరు పెద్దది, చెయ్యి అంతకన్నా పెద్దది. పనికి వచ్చినవాళ్ళను ఆకలితో పంపేది కాదు, ఒక మాట విసరకుండానూ పంపేది కాదు. ఆమె మాటల కోసమే నేను బడి ఎగ్గొట్టి తాతయ్య వెంట పడ్డాను.

పశువుల కొట్టంలో ఒక పక్క శుభ్రం చేసి ఇచ్చారు. పొద్దున నుంచి విల్లు మోగుతూనే ఉంది. మధ్యాహ్నం జొహర్ నమాజు చేసుకుని, అన్నం తిని, కుట్టిన మొదటి పరుపు తెచ్చి వాకిట్లో పరిచాడు తాతయ్య. పెద్దమ్మ వచ్చి చేత్తో నొక్కి చూసింది.

"ఏం సాయిబూ, రెండు బస్తాల దూది ఇస్తే అప్పడం వత్తి ఇచ్చావే! మిగతాదంతా ఆ గడ్డంలో దాచావా ఏంటి?"

వాకిట్లో వడ్లు ఎండబోస్తున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. గడ్డం నిండా దూది ఉన్న తాతయ్యను చూస్తే నవ్వు రాక ఏం వస్తుంది? పాత దూదిని ఏకితే దుమ్మూ పొట్టూ పోయి తగ్గుతుందని ఆమెకు తెలుసు, మాకు తెలుసు. అది వట్టి పరాచికం.

తాతయ్య నవ్వలేదు. ఏదో అనబోయి ఆగాడు. కొట్టంలోకి తిరిగి వచ్చాడు. కొయ్య అందుకుని రెండుసార్లు తీగను కొట్టాడు, అది సరిగ్గా మోగలేదు. నిలబడ్డవాడు కూర్చున్నాడు. కాసేపటికి కూర్చున్నవాడు దూది కుప్ప పక్కన పడుకున్నాడు.

నాకు అంతా తెలిసినట్టే అనిపించింది. దొంగతనం మాట పరాచికానికైనా పడే మనిషి కాదు ఆయన. పెద్దమ్మ మాట తగిలింది, చేప కడుపులోకి పోయాడు. నేను బుద్ధిమంతుడిలా కొట్టం గుమ్మంలో కూర్చుని, ఎవరూ లోపలికి పోకుండా కాపలా కాశాను.

కాసేపటికి పెద్దమ్మకు విల్లు మోత వినపడక అనుమానం వచ్చింది. చెంబులో మజ్జిగ పట్టుకుని వచ్చింది.

"ఏరా, మీ తాత పడుకున్నాడేంటి? ఒంట్లో బాలేదా?"

"అదేం లేదు పెద్దమ్మా. నీ మీద కోపమొచ్చింది. చేప కడుపుల ఉన్నడు."

"చేప కడుపేంట్రా, నీ మొహం!"

ఇంకేం కావాలి నాకు. అడిగేవాళ్ళు ఉండాలేగాని నా నోరు ఊరుకుంటుందా? ఆమెను గుమ్మం మీద కూర్చోబెట్టి యూనుస్ ప్రవక్త కథ ఎత్తుకున్నాను. వడ్ల దగ్గరి ఆడవాళ్ళు కూడా ఒకరొకరే వచ్చి చేరారు. తాతయ్య చెప్పినట్టు కాక, నా సొంత మసాలా వేసి చెప్పాను. గాలివానకు నోటితో హోరు పెట్టాను. చేపకు బుగ్గలు ఉబ్బించాను. నా బతుకులో నలుగురు కూర్చుని నా మాట విన్న మొదటిరోజు అది. వాళ్ళు నవ్విన ప్రతిసారీ నేను ఒక జానెడు పెరిగాను.

మధ్యమధ్య లోపలి నుంచి తాతయ్య దువా వినిపిస్తూనే ఉంది. మామూలుగా పెదవుల్లోనే అనుకునేవాడు, ఆ రోజు పైకే అంటున్నాడు. "జాలిమీన్" అన్న చివరి మాట మరీ గట్టిగా, ముద్దముద్దగా, విసురుగా వచ్చింది. పెద్దమ్మ కంగారుగా లోపలికి తొంగి చూసింది.

"పాపం, ఏదో అంటున్నాడ్రా. పిలుస్తున్నాడేమో పోయి చూడు."

"పిలుసుడు గాదు పెద్దమ్మా, గది దువా. కోపం ఎంత పెద్దగుంటే గంత గట్టిగ చదువుతడు. ఇయ్యాల మింగింది చేప గాదు, తిమింగలం!"

అందరూ నవ్వారు. పెద్దమ్మ కూడా నవ్వి, మజ్జిగ చెంబు మీద పళ్ళెం మూత పెట్టి, "లేచాక తాగమను. నేనేదో సరదాకి అన్నానని చెప్పు" అని వెళ్ళిపోయింది. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆ తర్వాత నా బతుకంతా జనాన్ని నవ్విస్తూనే గడిచింది గాని, ఒక్కోసారి అందరూ ఒక్కసారిగా నవ్వితే నేను వెనక్కి తిరిగి చూస్తాను.

నీడలు సాగాయి. తాతయ్యకు గడియారం లేదు, నీడను చూసే సాయంత్రపు అసర్ నమాజు వేళ కనిపెట్టేవాడు. ఎంత కోపమైనా ఆ చేప నమాజు వేళకు ఆయన్ని వదిలేసేది. కొట్టం గుంజ నీడ గోడ ఎక్కింది. ఆయన లేవలేదు. నియమం నియమమే గాని, నమాజు తప్పితే తర్వాత నన్నే అంటాడు. అందుకని నమాజుకు ముందు చేతులూ ముఖమూ కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళు తీసుకుని లోపలికి పోయాను. "తాతా, వజూ చేస్కో. నీళ్ళు పోస్త" అని ఆయన కుడిచెయ్యి ఎత్తి అరచేతిలో నీళ్ళు పోశాను.

ఆ చెయ్యి పుడిసిలి పట్టలేదు. నీళ్ళు వేళ్ళ మీదుగా దూదిలోకి జారిపోయాయి. వదిలితే చెయ్యి దభీమని కిందపడింది. అప్పుడు చూశాను ముఖం. మూతి ఒక పక్కకు లాగేసి ఉంది. ఆయన ఎడమచెయ్యి వచ్చి నా చొక్కా పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే గుండీలు తెగాయి. కళ్ళు నా కళ్ళల్లో పెట్టి, "జాలిమీన్" అన్నాడు. కోపం లేదు ఆ కళ్ళల్లో.

పెద్దమ్మ కొడుకు బండి కట్టాడు. మా ఊరికి మనిషిని పంపి, రోడ్డు మీద బస్సు ఆపి ఖమ్మం దవాఖానాకు చేర్చేసరికి చీకటి పడింది. డాక్టరు అడిగిన మొదటి మాట, "ఎప్పటి నుంచి గిట్ల ఉన్నడు?" అని. నానమ్మ నన్ను చూసింది. నేను పెద్దమ్మ కొడుకును చూశాను. ఎవరం ఏమని చెబుతాం? కోపం ఎక్కడ అయిపోయిందో, జబ్బు ఎక్కడ మొదలైందో తెలిస్తే కదా. ముందే తెస్తే ఏమయ్యేదో డాక్టరు చెప్పలేదు. మేమూ అడగలేదు.

తాతయ్య బతికి ఇంటికి వచ్చాడు. కుడిచెయ్యి, కుడికాలు రాలేదు. మాట రాలేదు. చిత్రమేమిటంటే ఆ దువా మాత్రం పోలేదు. నా పేరు పలకలేని నోరు, నానమ్మను పిలవలేని నోరు, ఆ అరబ్బీ ముక్కను తడబడకుండా అనేది. రాను రాను అదీ అరిగి, చివరి మాట ఒక్కటే మిగిలింది. నీళ్ళు కావాలన్నా జాలిమీన్. పక్క తిప్పమన్నా జాలిమీన్. ఈగను తోలమన్నా జాలిమీన్. ఆ కొట్టంలో ఆయన గొంతెత్తి మమ్మల్ని పిలిచింది ఉన్న ఒక్క మాటతోనే అని నాకు అప్పుడు తెలిసింది. చేప కడుపులోంచి వచ్చిన పిలుపును దేవుడు విన్నాడని ఆయన నాకు చెప్పాడు. నేనూ విన్నాను. విని, పక్కవాళ్ళకు దాని అర్థం కూడా చెప్పాను.

చాలా ఏళ్ళ తర్వాత ఒక మౌల్వీగారు ఆ మాటకు అర్థం చెప్పారు. చేప కాదట, జాలీ కాదట. తప్పు చేసినవాళ్ళు అని అట. అంటే ఏ తప్పూ చేయని మా తాతయ్య గుక్కెడు నీళ్ళ కోసం కూడా తప్పు తనదేనని ఒప్పుకోవలసి వచ్చిందన్నమాట. ఆ రోజు మౌల్వీగారి ముందు నాకు జోకు రాలేదు.

ఇంట్లో మేము అడగడం నేర్చుకున్నాం. ఆయన ఆ మాట అనగానే ఎవరో ఒకరు పక్కన కూర్చుని వరసగా అడిగేవాళ్ళం. ఆకలా? దప్పికనా? నొప్పా? కోపమా? భయమైతుందా? అవునంటే ఎడమచేత్తో మా వేలు నొక్కేవాడు. అప్పటిదాకా మా ఇంట్లో పడుకున్న మనిషికి కోపం ఒక్కటే ఉండేది. ఒక్క మాట వెనక అన్ని ఉంటాయని ఆ వేలు నొక్కుళ్ళతోనే తెలిసింది. బీడీనా అని నానమ్మ అడిగితే మాత్రం వేలు విరిగేట్టు నొక్కేవాడు. "మాట పోయింది గాని పోకిరితనం పోలే" అని ఆమె తిట్టేది. తిట్టి, వెలిగించి తనే నోట్లో పెట్టేది.

ఆ రోజుల్లోనే బడిలో ఒకడు మూతి వంకర పెట్టి, "జాలిమీను, జాలిమీను, పులుసు పెట్టాల్నా, ఇగురు పెట్టాల్నా" అని తాతయ్యను వెక్కిరించాడు. కూర్చోవాలని గుర్తు రాలేదు, పడుకోవాలని అంతకన్నా గుర్తు రాలేదు. పలక వాడి నెత్తి మీద ముక్కలైంది. ఇంట్లో పెద్దమనిషిని తీసుకొస్తేనే లోపలికి రానిస్తానన్నాడు పంతులు. నాన్న వెదురు నరికే పనికి పోయి అడవిలో ఉన్నాడు. మా ఇంట్లో ఉన్న పెద్దమనిషి వస్తే పంతులుకు ఏం చెబుతాడు, జాలిమీనే కదా. ఇక పోలేదు. నా చదువు అక్కడితో సరి.

ఇంటికి వచ్చి దూది గదిలో బోర్లా పడ్డాను. గుమ్మం దాకా వచ్చిన అక్కను నానమ్మ ఆపింది. "లోపటున్నడు. పిలువకు" అంది. నియమం ఇంకా నియమమే. చాలాసేపు ఎవరూ రాలేదు. అప్పుడు నేలమీద ఏదో ఈడుస్తున్న చప్పుడు అయింది. ఈడ్చి, ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఈడ్చి. మంచం మీద సరిగ్గా కూర్చోలేని తాతయ్య నడిమింట్లోంచి ఎడమ మోచేతి మీద పాక్కుంటూ వచ్చాడు. నా పక్కన ఒరిగి, వీపు మీద చెయ్యి వేశాడు.

"జాలిమీన్?" అన్నాడు.

అడిగాడు. ఎప్పుడూ ఒకే తీరున వచ్చే ఆ మాట చివర ఆ రోజు పైకి లేచింది. మళ్ళీ అడిగాడు. కోపమా అని అడిగాడో, దెబ్బ తగిలిందా అని అడిగాడో, ఆకలా అని అడిగాడో. ఏం అడిగినా, నియమం పెట్టిన మనిషే దాన్ని దాటి వచ్చి అడిగాడు.

"కోపం గాదు తాతా. ఏడుపొస్తుంది" అన్నాను.

అప్పటిదాకా అది కోపమనే అనుకున్నాను. అడిగితేగాని నాకే తెలియలేదు. ఆయన నన్ను ఏడవనిచ్చాడు. ఆయన సగం ముఖం కూడా ఏడ్చింది.

చలి ముదిరాక పెద్దమ్మ ఆయన్ని చూడటానికి వచ్చింది. అంత నోరు గల మనిషి మంచం పక్కన దుప్పటి అంచు సర్దుతూ కూర్చుంది. తాతయ్య "జాలిమీన్" అంటే తల ఊపింది. పోయేటప్పుడు బండి దగ్గరికి నన్ను పిలిచి, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వేలు నొక్కి చెబుతాడటగా. ఒక్క మాట అడుగు నాయనా. ఆ రోజు నా మాటకే పడుకున్నాడా, ఒంట్లో బాగోక పడుకున్నాడా అని. నాకు నిద్ర పట్టటం లేదురా."

అడిగితే ఎంతసేపు? ఒక వేలు, ఒక నొక్కు. కాని నేను లోపలికి పోలేదు. నొప్పితో పడుకున్నానని తాతయ్య చెబితే, ఆయన పిలుస్తుంటే నేను గుమ్మంలో కూర్చుని కథలు చెప్పినట్టు. కోపంతో పడుకున్నానని చెబితే, ఈ ముసలామె ఆ మాటను మోసుకుంటూ పోవాలి. ఎటు నొక్కినా ఎవరో ఒకరికి తగులుతుంది. అందుకని నాకు చాతనైన పనే చేశాను.

"అడిగితే ఏమంటడు పెద్దమ్మా, జాలిమీనే అంటడు" అన్నాను.

ఆమె నవ్వింది. సగమే నవ్వింది. బండి ఎక్కి పోయింది. వానలు మొదలుకాక ముందే తాతయ్య పోయాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆమె కూడా పోయిందని విన్నాను. ఆకలా అని అడిగాను, దప్పికనా అని అడిగాను, పొద్దున లేస్తే పడుకునేదాకా వందరకాలుగా అడిగాను ఆయన్ని. ఆ ఒక్కటీ అడగలేదు. అడిగి ఉంటే ఆమెకైనా నిద్ర పట్టేదేమో. ఆయనకైనా చెప్పానన్న తృప్తి ఉండేదేమో. మంచం పక్కన వేలు అందించి కూర్చున్నప్పుడు, ఆయన కళ్ళు ఒక్కోసారి నా మీదే నిలబడిపోయేవి. ఆ ప్రశ్న కోసమే ఎదురుచూశాడేమో అని ఈ వయసులో అనిపిస్తోంది.

ఇప్పుడు నేను పర్ణశాలలో యాత్రికులకు గాజులు, బొమ్మలు అమ్ముకుంటూ బతుకుతున్నాను. చదువు లేని నోరు, దాంతోనే బేరాలు. సాయంత్రం మసీదుకు చదువుకోవడానికి వచ్చే పిల్లల్లో కొట్టుకున్నవాళ్ళను, అలిగినవాళ్ళను మౌల్వీగారు నా దగ్గరికి తోలుతారు. యూనుస్ ప్రవక్త కథ చెబుతాను. కూర్చోబెడతాను, పడుకోబెడతాను. దూది లేదు, చాప ఉంది. చివర ఇంకో మాట కూడా చెబుతాను: మీ ఇంట్లో ఎవరైనా చేప కడుపులో ఉంటే దూరంగా ఉండొద్దు, దగ్గరికి పోయి ఏమైందని అడగండి, అది కోపం కాకపోవచ్చు. ఒకసారి మౌల్వీగారు నవ్వుతూ, "తాతా, గిది కథల లేదు గద" అన్నారు. "కథల కలుపుతలేను మౌల్సాబ్. కథ అయిపోయినంక చెప్తున్న" అన్నాను.

నా మనవలు నన్ను ఆటపట్టిస్తారు. మా ఇంట్లో పగలు ఎవరూ కునుకు తీయలేరట, కళ్ళు మూస్తే చాలు తాత వచ్చి కోపమా, నొప్పా, ఏడుపా అని లేపుతాడట. నిజమే. వాళ్ళకు నేనూ ఒక మాట చెప్పి ఉంచాను. నేను పగలు పడుకుని కనిపిస్తే వచ్చి అడగండి. నిద్రపోతున్నా అడగండి. కసురుకుంటానేమో, కసురుకోనివ్వండి. కసురుకున్నానంటే నాకింకా మాట ఉన్నట్టే కదా.